ఎదకొచ్చిన మాత్రాన ఎదిగినట్టా?

ఫోన్ తెరిస్తే చాలు, సంతే. నీలికళ్ల హస్కీ బొమ్మ, పక్కన అరబ్బీ రాత: "ఆడది, ఏడు నెలలు, మొదటి ఎద, జతకు సిద్ధం." కింద ధర. ఇంకాస్త పైకి తోస్తే పొమరేనియన్, దాని కింద ఫ్రెంచ్ బుల్‌డాగ్. జంతువుల క్లినిక్‌లో నాతో పనిచేసే కుర్రాళ్లు ఇలాంటివి వెతికి మరీ తెచ్చి నా ముందు పెడతారు, ముసలాడికి మంట రేగితే చూడాలని. రేగుతుంది మరి. ఏడు నెలలంటే పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చి ఎంత కాలమైందని? బొక్కలింకా సాగుతూనే ఉన్నాయి. దానికి అప్పుడే పెళ్లి!

నేను ఈ దేశానికొచ్చింది 1983లో. జగిత్యాల నుంచి బొంబాయి, బొంబాయి నుంచి రియాద్. సౌదీ వాళ్లు ఇసుకలో గోధుమ పండిస్తున్న కాలం అది. అల్ ఖర్జ్ వైపు ఒక మజ్రాలో, అంటే పొలంలో, పని దొరికింది. గుండ్రంగా తిరిగే నీళ్ల యంత్రాలు, వాటి కింద పచ్చటి వలయాలు, ఆ వలయం దాటితే మళ్లీ ఇసుకే. పంపుల దగ్గర పనికని తీసుకెళ్లారు. నెల తిరక్కముందే కుక్కలు నా నెత్తిన పడ్డాయి. మిగతా పనివాళ్లెవరూ వాటి జోలికి పోయేవాళ్లు కాదు. నేను ఊళ్లో గొర్లెంట తిరిగినోణ్ని, నాకు భయం లేదు.

అవి సలూకీలు, అరబ్బుల వేటకుక్కలు. నన్ను పనికి తెచ్చిన కఫీల్ తండ్రి, ఆ పెద్దాయన్ని అందరం బాబా అనేవాళ్లం, ఎడారిలో పుట్టి గుడారంలో పెరిగిన మనిషి. కొడుకు సిమెంటు ఇల్లు కట్టించినా ఆయన బయటే తివాచీ పరుచుకుని పడుకునేవాడు. ఆయన దగ్గర మూడు సలూకీలుండేవి. రెండింటికి చెవులకూ తోకకూ పట్టుకుచ్చుల్లాంటి వెంట్రుకలు, మూడోది నున్నటిది. సన్నటి నడుము, లోతైన రొమ్ము, గంటకు అరవై కిలోమీటర్లు దాటే పరుగు. రాళ్లనేల మీద అరికాళ్లు చీలకుండా గోరింటాకు పెట్టేవాడు. నేను చూస్తుండగానే ముద్ద నూరి వేళ్ల సందుల్లో అద్ది, గుడ్డ చుట్టి, రాత్రంతా పక్కన కూచునేవాడు. కోడలికి పెట్టినట్టు పెడుతున్నాడని పనివాళ్లు చాటుగా నవ్వేవాళ్లు. తిండి ఏమంటే ఖర్జూరం, ఒంటెపాలు, మిగిలిన అన్నం, పండగొస్తే మాంసం.

ఆ నున్నటిదాని పేరు రీమ్. ఏడాది దాటి చాలా నెలలయ్యాక మొదటిసారి ఎదకొచ్చింది. సలూకీలంతే, నిదానంగా ఎదిగే జాతి. కొన్నయితే రెండేళ్లు దగ్గరపడేదాకా ఆ ఊసే ఎత్తవు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను, ఏదో శుభవార్త మోసుకెళ్తున్నట్టు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, "సబర్, సిద్దీక్, సబర్" అన్నాడు, ఓపిక పట్టు మిత్రమా అని. గదిలో పెట్టి గొళ్లెం వేయమన్నాడు. గుమ్మం దగ్గర నా పక్క. మూడు వారాలు కాపలా.

కాపలా అంటే తేలిక అనుకుంటారు. మొదటి తొమ్మిది పది రోజులు నెత్తురు మరకలు. ఆ రోజుల్లో మగకుక్క దగ్గరకొస్తే ఆడదే కరిచి తరుముతుంది, మనకు పనుండదు. ఆ తర్వాత మరక పలచబడి గడ్డి కడిగిన నీళ్ల రంగుకు తిరుగుతుంది. తోక పక్కకు తిప్పి నిలబడుతుంది. అసలు గండం అప్పుడే. మరక తగ్గింది కదా, ఎద పోయిందని గొళ్లెం తీసినవాడి కుక్కే చూడి కడుతుంది. నిన్నగాక మొన్న కూడా క్లినిక్‌లో ఒకాయన ఇదే మాట అని తల పట్టుకున్నాడు. మజ్రా కాపలా కుక్కలు రాత్రంతా ఆ గది చుట్టూ తిరుగుతుంటే, నేను కర్ర పట్టుకుని వాటి చుట్టూ తిరిగేవాణ్ని.

రెండు చలికాలాలు రీమ్‌ని వేటకు తీసుకెళ్లాడు. కుందేలు వెంట ఎలా మలుపు తిరుగుతుంది, డేగను చూసి బెదురుతుందా, పట్టినదాన్ని చింపకుండా తెస్తుందా, దెబ్బ తగిలితే మర్నాడు లేస్తుందా, అన్నీ చూశాడు. అప్పుడు గాని వరుణ్ని వెతకలేదు. దొరికిన మగది ఎక్కడో నఫూద్ ఎడారి అంచున ఒక చుట్టాల గుడారంలో ఉంది. పికప్ వెనక రీమ్‌నీ నన్నూ ఎక్కించుకుని రోజంతా ప్రయాణం. అక్కడ గావా, అదే అరబ్బీ కాఫీ, తాగుతూ ఇద్దరు ముసలివాళ్లు దాని తల్లెవరు, అమ్మమ్మ ఎవరు, ఏ వేటలో ఏం పట్టింది, ఏది కుంటింది, ఏది గుడ్డిదయింది అని నోటిలెక్క చెప్పుకున్నారు. కాగితం ముక్క లేదు. డబ్బు మాట అసలే లేదు. సలూకీని అమ్మడం పరువు తక్కువ. ఇస్తారు, పుచ్చుకుంటారు. అరవై మూడు రోజులకు నాలుగు పిల్లలు. నాలుగూ ఎవరికి పోవాలో అవి కడుపులో పడకముందే తేలిపోయింది. నాకు నచ్చిన విషయం అదే. పిల్లకు ఇల్లు ఖాయమయ్యాకే తల్లికి జత.

మనిషీ కుక్కా కలిసి వేటాడటం ఇక్కడ నిన్నమొన్నటిది కాదు. హాయిల్ వైపు జుబ్బాలో, షువైమిస్‌లో బండల మీద కుక్కల బొమ్మలున్నాయి. 2015లో యునెస్కో ఆ శిలాచిత్రాలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. రెండేళ్ల తర్వాత పరిశోధకులు లెక్కగట్టి ఎనిమిది వేల ఏళ్లు దాటినవై ఉండొచ్చన్నారు. విల్లు పట్టిన మనిషి, చుట్టూ కుక్కల గుంపు, కొన్నింటి మెడనుంచి మనిషి నడుముకు తాడు గీత. తాడు వేసి కుక్కను పట్టుకున్న మనుషుల బొమ్మల్లో ఇంతకంటే పాతవి ప్రపంచంలో ఎక్కడా దొరకలేదట. ఎనిమిది వేల ఏళ్ల కింద తాడు వేయడం వచ్చినవాళ్ల గడ్డ ఇది. ఇవాళ పార్కులో హస్కీ మనిషిని ఈడ్చుకుపోతుంటే చూస్తున్నాను.

మన ఊళ్లో ఇంకో తీరు. చిత్త కార్తె వచ్చిందంటే వీధి నిండా కుక్కల గుంపులు. అప్పుడు జత కట్టినవి చలికాలం నడుమ ఈనేవి. మన నాటుకుక్క చాలామటుకు ఏడాదికి ఒక్కసారే. విదేశీ జాతులకే ఆరేడు నెలలకోసారి ఎద. జతకట్టిన కుక్కలు విడిపోలేక పావుగంటో అరగంటో అతుక్కుని నిలబడితే పిల్లలం రాళ్లు రువ్వేవాళ్లం, పెద్దలు నీళ్లు కుమ్మరించేవాళ్లు. లాగితే రెండింటికీ లోపల గాయమవుతుందని మా క్లినిక్‌లోని ఈజిప్టు డాక్టర్ చెబితే గాని తెలియలేదు నాకు. గొడ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. పడ్డ మొదటిసారి ఎదకొస్తే మా నాయన దున్న దగ్గరికి తోలేవాడు కాదు, "ఒళ్లు రానీ" అనేవాడు. అక్షరమ్ముక్క రానాయనకు తెలిసింది ఈ ఫోన్ల వాళ్లకు తెలియదా?

తెలుసు. అదే నా ఏడుపు.

పాతకాలమంతా బంగారమని నేననను. ఆ బాబాయే, సలూకీకి కాలు వాస్తే ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి వాత పెట్టేవాడు. రీమ్ భుజం మీద మూడు గీతలుండేవి. టీకా అంటే ఏమిటో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. కాపలా కుక్కలు ఈనితే ఆ పిల్లల్ని గోనెసంచిలో కట్టి దూరంగా పారేసి రమ్మనేవాళ్లు. సలూకీకి ఒక న్యాయం, మిగతావాటికి ఇంకో న్యాయం. మందకు, పంటకు, వేటకు తప్ప ఉత్త ముచ్చటకు కుక్కను పెంచడం తగదని మతపెద్దల మాట. విమానంలో తేవాలన్నా వేటకుక్కో, కాపలా కుక్కో, చూపులేనివారికి దారిచూపే కుక్కో అయివుండాలని కాగితం చూపించాల్సి వచ్చేది. 2008లో రియాద్‌లో మతపోలీసులు కుక్కల్నీ పిల్లుల్నీ అమ్మకూడదని, వాటితో బయట షికార్లు చేయకూడదని ఉత్తర్వు వేశారు. కుర్రాళ్లు కుక్కను అడ్డం పెట్టుకుని ఆడపిల్లల్ని పలకరిస్తున్నారని వాళ్ల బాధ. ఆ ఉత్తర్వు చూసి మేము పడీపడీ నవ్వాం. ఇప్పుడనిపిస్తుంది, ఆ రోజుల్లో పెంపకం దుకాణాలు లేకపోవడానికి మంచితనం ఎంత కారణమో, ఈ భయమూ అంతే కారణమని.

2016లో మతపోలీసులకు అరెస్టు చేసే అధికారం పోయింది. ఆ తర్వాత దేశం మారిన వేగం అందరికీ తెలిసిందే. 2020లో ఖోబర్‌లో "బార్కింగ్ లాట్" అని కుక్కలతో కూర్చుని కాఫీ తాగే హోటల్ తెరిచారు. పేపర్లో ఫొటో చూసి, ఇది సౌదీయేనా అని కళ్లు నులుముకున్నాను. సంతోషించాను కూడా. కుక్కను చూస్తే మూతి తిప్పుకునే దేశంలో దాని తల నిమిరేవాళ్లు పుట్టారు, మంచిదే. అది కరోనా కాలం. అందరూ ఇళ్లల్లో, పిల్లలకు తోచదు, కుక్క కావాలి. కావాలన్న చోట అమ్మేవాడు మొలుస్తాడు. పెంపుడు జంతువులు అమ్మే పావురాల సంతకు పోనక్కర్లేకుండా ఫోన్‌లోనే బేరం. మగది ఒకటి, ఆడది ఒకటి ఉన్న ప్రతివాడూ పెంపకందారే.

వచ్చేవి ఏ జాతులో చూడండి. నలభై అయిదు డిగ్రీల ఎండలో హస్కీ! మంచుమీద బండి లాగడానికి రెండు పొరల బొచ్చుతో పుట్టినదాన్ని ఏసీ గదిలో ఖైదు చేసి, దాని చేత పిల్లల్ని కనిపించాలి. ఫ్రెంచ్ బుల్‌డాగ్ సంగతి చెప్పనే వద్దు. ఆ జాతిలో పిల్ల తల పెద్దది, తల్లి కటి సన్నం. ఇంగ్లండులో లెక్క తీస్తే నూటికి ఎనభైకి పైగా ఈతలు కడుపు కోసి తీసినవేనట. తనంతట తాను ఈనలేని జీవాన్ని తయారుచేసి దానికి అందమని పేరు పెట్టారు. మూతి చప్పిడి, ఊపిరాడదు. మధ్యాహ్నం పూట పార్కింగ్ నుంచి లోపలికి తెచ్చేలోపే నాలుక నీలమవుతుంది. అలాంటివాటిని క్లినిక్ తలుపు దగ్గర తడి గుడ్డతో అందుకోవడం నా డ్యూటీలో భాగమైపోయింది.

ఒక రాత్రి ఒక పెద్ద బంగళా డ్రైవర్ వచ్చాడు. మన నిజామాబాద్ పిల్లాడే. దుప్పట్లో చుట్టిన హస్కీ.

"కాకా, పొద్దటిసంది నొప్పులు వడుతంది. ఇప్పుడు ఏదో బయటికొచ్చింది, అది దాన్ని చూస్తనే లేదు."

"దీనికి ఎన్ని నెల్లురా?"

"తొమ్మిది గావచ్చు. మా సార్ కొడుకు జోడీ కట్టిచ్చిండు. పిల్లకింత అని బయానా గుడ తీసుకున్నడు కాకా."

దుప్పటి తీసి చూస్తే పిల్ల ఇంకా ఉమ్మసంచిలోనే ఉంది. తల్లి దాన్ని నాకి, సంచి చింపి, బొడ్డు కొరకాలి. ఇది మూలకు ముడుచుకుని, తన కడుపులోంచి వచ్చినదాన్ని చూసి తనే వణుకుతోంది. వేళ్లతో సంచి చింపాను. ముక్కులో నీళ్లు తుడిచి, తువ్వాలుతో వీపు రుద్దుతూనే ఉన్నాను. చాలాసేపటికి కిచ్‌మంది. డాక్టర్ మిగతావి కోసి తీశాడు. వాటిలో కొన్ని దక్కాయి, కొన్ని దక్కలేదు. తల్లి దగ్గర పాలు లేవు. సార్ కొడుకు మర్నాడు ఫోన్ చేసి బతికినవెన్ని అని అడిగాడు. తల్లి ఎలా ఉందని అడగలేదు.

ఎద రావడమంటే గుడ్డు తయారవుతోందని మాత్రమే. ఒళ్లు తయారైందని కాదు. చిన్న జాతులకు ఆరు నుంచి పది నెలల్లో వస్తుంది, పెద్ద జాతులకు ఏడాదిన్నర, రెండేళ్లు కూడా పడుతుంది. మగది ఆరేడు నెలలకే ఎగబడుతుంది, వీర్యం నిలకడ పడేది ఏడాది దాటాకే. పెరిగే వయసులో కడుపొస్తే తల్లి ఎముకకు అందాల్సిన సున్నం పిల్లల ఎముకకు పోతుంది. పొమరేనియన్‌లాంటి చిట్టిజాతుల్లో పిల్లలు పాలు తాగే వారాల్లో ఒంట్లో కాల్షియం పడిపోయి ఫిట్లు కూడా వస్తాయి. అందుకే మొదటి ఎదను వదిలేయమంటారు, రెండోదాన్నీ చూసి చూసి అంటారు. జర్మన్ షెపర్డ్‌కు తుంటికీలు సరిగా కూర్చుందో లేదో ఎక్స్‌రే తీసి గట్టిగా చెప్పగలిగేది రెండేళ్లు నిండాకే. తుంటి సరిగా లేనిదాన్ని అంతకుముందే జత కట్టిస్తే, దాని కుంటు దాని పిల్లలకు. ఒక బీజం కిందికి దిగని మగకుక్కను వాడకూడదని పుస్తకంలో ఉంటుంది, అది వంశంలో పారే లోపం కాబట్టి. మా దగ్గరికొచ్చే యజమానులు మాత్రం "ఒకటి ఉంది కదా, చాలదా?" అని అడుగుతారు.

బాబా దగ్గర లేనివన్నీ ఇప్పుడున్నాయి, చూడండి. నెత్తురు తీసి ప్రొజెస్టిరాన్ ఎంతుందో కొలిస్తే గుడ్డు విడుదలయ్యే రోజు తెలుస్తుంది. కుక్క గుడ్డు విడుదలయ్యాక కూడా రెండు రోజులు పక్వం కావాలి, దాన్ని బట్టి జత ఎప్పుడో తేదీ వేసి చెబుతారు. అల్ట్రాసౌండ్ ఉంది. బ్రూసెల్లా పరీక్ష ఉంది. మందల్లో పనిచేసిన మనవాళ్లకు ఆ బ్రూసెల్లా తెచ్చే మాల్టా జ్వరమంటే తెలుసు, ఒంటెపాలు, మేకపాలు కాచకుండా తాగి నెలల తరబడి మంచం పట్టినవాళ్లను చూశాం. దానికి తోబుట్టువే కుక్కల్లోనూ ఉంది. జతలో అంటుకుని, ఈనే వేళ దగ్గరపడ్డాక చూడి జారిపోతుంది, మనిషికీ అంటొచ్చు. ఆ పరీక్ష రాయించుకోండి అంటే, "మాది ఇంట్లో కుక్కే" అంటారు. పదిమంది ఇళ్ల ఆడకుక్కల దగ్గరికి తిరిగిన మగది కూడా ఎవరో ఒకరి ఇంట్లో కుక్కే కదా నాయనా!

చట్టాలూ ఉన్నాయి. గల్ఫ్ దేశాలన్నీ కలిసి రాసుకున్న జంతు సంక్షేమ చట్టం 2013లో ఇక్కడా వచ్చింది. హింసించినట్టు తేలితే మొదటిసారే యాభై వేల రియాళ్ల దాకా జరిమానా, మళ్లీ చేస్తే రెట్టింపు. మన దేశంలో 2017లో కుక్కల పెంపకానికే విడిగా నిబంధనలు రాశారు. పద్దెనిమిది నెలలు నిండకుండా జత కట్టించకూడదు, ఏడాదికి ఒక ఈతే, జన్మలో అయిదు ఈతలు మించకూడదు, ఎనిమిదేళ్లొచ్చాక మానేయాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్బు అయితే 2012 నుంచి ఒక తల్లికి నాలుగు ఈతల పిల్లల్నే నమోదు చేస్తోంది. ఇవి చదివినప్పుడల్లా నాకు బాబా గుర్తొస్తాడు. ఇంతమంది పెద్దలు కూర్చుని రాసిన రూలు ఆయన చెయ్యి అడ్డంగా ఊపి చెప్పాడు. అయినా రూలు పుస్తకంలో ఉంది, ఫోన్‌లో ధర ఉంది. ఎవడు ఏది ముందు చూస్తాడో మీకే తెలుసు.

అమ్ముడుపోనివి ఏమవుతాయి? శుక్రవారం పొద్దున రియాద్ శివార్లకు వెళ్లి చూడండి. నాటుకుక్కల గుంపులో ఒక నీలికళ్లది, బొచ్చు అట్టలు కట్టి, పక్కటెముకలు లెక్కపెట్టేలా. ఆ గుంపులో అది మళ్లీ ఎదకొస్తుంది, మళ్లీ ఈనుతుంది. మా రోజుల్లో గోనెసంచి ఉండేదన్నాను కదా. ఇప్పుడు కారు డిక్కీ ఉంది.

అందుకని ఆపరేషన్ చేయించమని చెబుతుంటాను. అందరికీ కుక్కను పుట్టించే పని లేదు, పెంచే పని ఉంటే చాలు. ఆపరేషన్ చేస్తే పెద్దయ్యాక గర్భసంచిలో చీము పట్టే రోగం తప్పుతుంది, రొమ్ము గడ్డలు తగ్గుతాయి. ఎప్పుడు చేయించాలన్నది జాతిని బట్టి, ఒంటిని బట్టి డాక్టర్ చెబుతాడు. పెద్ద జాతులకు కాస్త ఆగమంటారు.

ఈమధ్య ఒక తెలుగు కుటుంబం వచ్చింది, విజయవాడ వాళ్లు, ఆయన ఇక్కడ ఇంజనీరు. పొమరేనియన్ పేరు ట్వింకిల్, మొన్ననే మొదటి ఎద పోయింది. ఆవిడ ముందుగా, "బాబాయిగారూ, ఒక్కసారి పిల్లల్ని కంటే దాని ఆరోగ్యానికి మంచిదట కదా?" అంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో గాని, ఏ డాక్టరూ చెప్పలేదమ్మా అన్నాను. కనాలన్న కోరిక దానికుండదు, ఉన్నదల్లా మనకే. వెనక నించున్న పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. ఆయనేమో ఈలోపు కొల్లేరు జోనంగి కుక్కల గొప్పతనం ఎత్తుకున్నాడు. బాతుల మందను కాసే కుక్క, పొట్టి బొచ్చు, నుదుట ముడతలు, మొరగకుండా అదోరకం ఊళ వేస్తుంది, అలాంటి జాతి ప్రపంచంలో లేదన్నాడు. మరి అది తెచ్చుకోక ఇదేంటండీ అంటే పిల్ల వైపు చూపించాడు. తర్వాత గొంతు తగ్గించి, "బాబాయ్, సెలవుల్లో బెజవాడ తీసుకెళ్లి అక్కడ ఆపరేషన్ చేయిస్తే తక్కువలో అయిపోదూ?" అన్నాడు. కూర్చోబెట్టి లెక్క రాశాను. విమానం పెట్టె, దాని టికెట్, రేబిస్ కాగితాలు, మన దేశంలో జంతువుల క్వారంటైన్ వాళ్ల అనుమతి, తిరుగు ప్రయాణానికి మళ్లీ ఇవన్నీ. మొత్తం చూసి ఇక్కడే చవకని ఒప్పుకున్నాడు. ఎద తర్వాత లోపలి వాపు తగ్గాలని డాక్టర్ మూడు నెలల తర్వాతి తేదీ వేశాడు. సంతకం పెట్టి, తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు. గోళ్లు కత్తిరించడం ఈ బిల్లులోనే కలుస్తుందా, విడిగా కట్టాలా అని.